పరమాణువులన్నీ సరిపోయినా తప్పైన సమీకరణం: ఒక పెరాక్సైడ్ కేస్ స్టడీ

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ బీఎస్సీ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టు, సమర్పించే ముందు ఒకసారి చూడమని నా దగ్గరికి వచ్చింది. గాయాలు కడగడానికి మందుల షాపుల్లో అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ మన ఎండలకు ఎంత బలం కోల్పోతుందో కొలవడం వాళ్ల ప్రాజెక్టు. సీసా మీద 6 శాతం, 20 వాల్యూమ్ (1 మి.లీ. నుంచి 20 మి.లీ. ఆక్సిజన్ వచ్చేంత బలం) అని ఉంది. పిల్లలు పొటాషియం పర్మాంగనేట్‌తో టైట్రేషన్ (చర్య పూర్తవడానికి ఎంత ద్రావణం పట్టిందో కొలిచే పద్ధతి) చేసి, ఉన్నది 3.5 శాతమే అని తేల్చారు. "నగరంలో అమ్ముతున్న పెరాక్సైడ్ దాదాపు సగం బలం కోల్పోయి ఉంది" అని చివర్లో రాశారు.

ఆ వాక్యం అలాగే బయటికి వెళ్తే, ఏ తప్పూ చేయని షాపుల వాళ్ల మీద నింద పడేది. ల్యాబ్ రిపోర్టుల్లో, స్టడీ మెటీరియల్‌లో సమీకరణాలు సరిచూడటం కెమిస్ట్రీ లెక్చరర్‌గా నా పనిలో భాగం. ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి ఒకటే కారణం. ఇందులో తప్పున్న సమీకరణం మనం క్లాసులో నేర్పే పరీక్షలన్నిటినీ దాటుకుని వచ్చింది.

విద్యార్థులు చేసిన పని

మూడు సీసాలు తీసుకున్నారు. ఒకటి కొత్తగా కొన్నది, సీలు తీయనిది. రెండోది ల్యాబ్ బీరువాలో నీడలో ఉంచినది. మూడోది పడమటి కిటికీ దగ్గర ఎండ తగిలే చోట, మూత వదులుగా పెట్టి ఉంచినది. ప్రతి సీసా నుంచి 10 మి.లీ. తీసి 250 మి.లీ.కి పలచన చేశారు. అందులోంచి 20 మి.లీ. పిపెట్‌తో తీసి, విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 0.02 మోలార్ (లీటరుకు 0.02 మోల్; మోల్ అంటే అణువుల లెక్కకు వాడే ప్రమాణం) పర్మాంగనేట్‌తో టైట్రేట్ చేశారు. కొత్త సీసాకు 27.6 మి.లీ., బీరువాలోదానికి 27.1 మి.లీ., కిటికీ సీసాకు 22.4 మి.లీ. పర్మాంగనేట్ పట్టింది. లెక్క కట్టి వరుసగా 3.52, 3.46, 2.86 శాతం అని రాశారు.

రిపోర్టు చదివిన వాళ్లందరికీ అది నమ్మదగ్గట్టుగానే ఉంది. పెరాక్సైడ్ నిలకడ లేని పదార్థం, వేడికి, వెలుతురుకి నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుందని పాఠంలో ఉన్నదే. ఏప్రిల్‌లో తిరుపతి ఎండ ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. "ఎండకు పవర్ పోయింటాది సార్" అని ల్యాబ్ అటెండర్ కూడా అన్నాడు. తప్పు జవాబు ఇలా లోకజ్ఞానానికి సరిగ్గా సరిపోయినప్పుడే ఎక్కువ ప్రమాదం. 35 శాతం అని వచ్చుంటే మొదటి రోజే ఎవరో ఒకరు ఆపేవాళ్లు.

నేను ముందు చూసినవి

ఫలితం తేడాగా ఉంటే ముందు చేతిపనిని చూడాలి, సమీకరణం తర్వాత. పర్మాంగనేట్ ద్రావణాన్ని సరిగ్గా ప్రామాణీకరించారా, అంటే దాని అసలు బలం కొలిచి చూశారా? ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు 1.575 గ్రాములు తూచి 250 మి.లీ. చేశారు, అంటే 0.05 మోలార్. అందులో 20 మి.లీ.కి పర్మాంగనేట్ సరిగ్గా 20 మి.లీ. చుట్టూ పట్టింది. ద్రావణం బాగుంది. ఆమ్లం ఏది వాడారు? సల్ఫ్యూరిక్ ఆమ్లమే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి ఉంటే క్లోరైడ్ కూడా పర్మాంగనేట్‌ను తినేసి రీడింగు పెరిగేది. ఆమ్లం చాలకపోతే గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్ తేలేది, అదీ లేదు. ఆక్సాలిక్ ఆమ్లం టైట్రేషన్‌లో 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడి చేస్తాం. ఆ అలవాటుతో పెరాక్సైడ్‌ను కూడా వేడి చేసేశారేమో అని అడిగాను. చల్లగానే చేశామన్నారు. బ్యూరెట్‌లో ముదురు రంగు ద్రావణం కాబట్టి పై అంచు రీడింగు తీశారు. ఎండ్ పాయింట్ (చర్య పూర్తయ్యే చోటు) దగ్గర లేత గులాబీ రంగు అర నిమిషం నిలిచిందా అంటే నిలిచిందన్నారు. నా ముందు మళ్లీ చేసి చూపించారు. చేతిపని శుభ్రంగా ఉంది, ఆ మాట వాళ్లకు అక్కడే చెప్పాను.

ఆ గ్రూపులో ఒక అమ్మాయి అన్న మాట నన్ను ఆపింది. "సార్, సీలు తీయని సీసాకూ, బీరువాలో పెట్టిన సీసాకూ పెద్ద తేడా లేదు, రెండూ ఒకేలా తక్కువొచ్చినాయి." సీసాల మీద చూస్తే రెండూ వేర్వేరు నెలల్లో తయారైనవి. సీసా మీద ఉన్న 6 శాతంతో పోలిస్తే ఒకటి 0.59 వంతు, ఇంకొకటి 0.58 వంతు. ఎండ ఇంత సమానంగా కోత పెట్టదు. ఈ రెండు విలువలూ ఒకే వంతున తగ్గాయంటే లెక్కలో ఎక్కడో ఒక గుణకం తేడాగా కూర్చుని ఉండాలి.

సమీకరణం

పర్మాంగనేట్ రీడింగు నుంచి పెరాక్సైడ్ ఎంతో తేల్చేది సమీకరణంలో పదార్థాల ముందున్న అంకెలు, అంటే గుణకాలు. వాళ్లు వాడిన సమీకరణం సీనియర్ల నుంచి చేతులు మారుతూ వచ్చిన ఒక మెటీరియల్ లోది. అందులో ఇలా ఉంది:

2 పొటాషియం పర్మాంగనేట్ + 3 హైడ్రోజన్ పెరాక్సైడ్ + 3 సల్ఫ్యూరిక్ ఆమ్లం → 2 మాంగనీస్ సల్ఫేట్ + 1 పొటాషియం సల్ఫేట్ + 4 ఆక్సిజన్ + 6 నీరు

పిల్లలు దీన్ని గుడ్డిగా నమ్మలేదు. పరమాణువులు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఆ కాగితం రిపోర్టుకు జత చేసి ఉంది. పొటాషియం అటు రెండు, ఇటు రెండు. మాంగనీసు రెండు, రెండు. సల్ఫర్ మూడు, మూడు. హైడ్రోజన్ ఎడమవైపు పెరాక్సైడ్ నుంచి ఆరు, ఆమ్లం నుంచి ఆరు, మొత్తం పన్నెండు. కుడివైపు ఆరు నీటి అణువుల్లో పన్నెండు. ఆక్సిజన్ ఎడమవైపు 8, 6, 12 కలిపి 26. కుడివైపు మాంగనీస్ సల్ఫేట్‌లో 8, పొటాషియం సల్ఫేట్‌లో 4, ఆక్సిజన్ వాయువులో 8, నీటిలో 6 కలిపి 26. తర్వాత ఫోన్‌లో ఒక టూల్‌లో వేసి చూస్తే, అది కూడా తుల్య సమీకరణమే (రెండువైపులా పరమాణువులు సమానమే) అని చూపించింది. లవోయిజియే 1789లో తన పుస్తకంలో స్పష్టంగా చెప్పిన ద్రవ్యనిత్యత్వ నియమానికి ఇందులో ఏ లోటూ లేదు.

రెండో పరీక్ష విద్యుదావేశం. అయాన్ల రూపంలో రాస్తే ఎడమవైపు రెండు పర్మాంగనేట్ అయాన్లకు మైనస్ 2, ఆరు హైడ్రోజన్ అయాన్లకు ప్లస్ 6, మొత్తం ప్లస్ 4. కుడివైపు రెండు మాంగనీస్ అయాన్లకు ప్లస్ 4. ఇదీ సరిపోయింది.

ఆవేశం పరీక్ష ఎన్నో తప్పులు పట్టిస్తుంది. డైక్రోమేట్ ఒకటి, హైడ్రోజన్ అయాన్లు 14, ఫెర్రస్ అయాన్ ఒకటి తీసుకుని, క్రోమిక్ అయాన్లు 2, ఫెర్రిక్ అయాన్ ఒకటి, నీరు 7 వస్తాయని రాస్తే పరమాణువులన్నీ సరిపోతాయి. ఆవేశం మాత్రం ఎడమన ప్లస్ 14, కుడిన ప్లస్ 9. ఇనుము ఆరు పెడితేనే రెండువైపులా ప్లస్ 24 అవుతుంది. అందుకే అయాన్ సమీకరణం కనిపిస్తే ఆవేశం చూడకుండా సంతకం పెట్టొద్దని పిల్లలకు చెబుతుంటాను. కానీ మన కేసులో ఆ జల్లెడ కూడా పని చేయలేదు.

ఎలక్ట్రాన్ల పద్దు

ఇక మిగిలింది ఎవరు ఎన్ని ఎలక్ట్రాన్లు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు అని చూడటం. పర్మాంగనేట్‌లో మాంగనీసు ఆక్సీకరణ సంఖ్య (పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నట్టో, పొందినట్టో చెప్పే అంకె) ప్లస్ 7. అది ప్లస్ 2కి దిగాలంటే ఐదు ఎలక్ట్రాన్లు తీసుకోవాలి. రెండు మాంగనీసులకు పది కావాలి. పెరాక్సైడ్‌లో ఆక్సిజన్ మైనస్ 1 దగ్గర ఉంటుంది. ఆక్సిజన్ వాయువుగా మారి సున్నాకు చేరాలంటే ఒక్కో పరమాణువు ఒక ఎలక్ట్రాన్ వదలాలి, అంటే ఒక్కో పెరాక్సైడ్ అణువు రెండు ఇస్తుంది. పది కావాలంటే ఐదు అణువులు ఉండాలి. మెటీరియల్‌లో ఉన్నవి మూడే, అవి ఇచ్చేది ఆరు. మిగతా నాలుగు ఎక్కడివి?

జవాబు ఆ సమీకరణంలోనే ఉంది. పెరాక్సైడ్ అణువులు మూడు ఉంటే ఆక్సిజన్ అణువులు నాలుగు వచ్చాయి. ఆ నాలుగోది పెరాక్సైడ్ నుంచి రాలేదు. నీటిలోనో, పర్మాంగనేట్‌లోనో మైనస్ 2 దగ్గర ఉన్న ఆక్సిజన్ రెండు పరమాణువులు సున్నాకు చేరితేనే అది పుడుతుంది. దానికి వదలాల్సినవి సరిగ్గా నాలుగు ఎలక్ట్రాన్లు. అంటే కాగితం మీద పద్దు మొత్తానికి సరిపోయింది, కానీ శంకువు కుప్పెలో జరగని ఒక చర్యను అందులో కలిపేసుకుని సరిపోయింది. పర్మాంగనేట్ నీటిని ఆక్సీకరించలేదా అంటే ఆక్సీకరిస్తుంది, చాలా మెల్లగా. అందుకే ఆ ద్రావణాన్ని ముదురు రంగు సీసాలో పెడతాం, పాతబడితే మళ్లీ ప్రామాణీకరిస్తాం. కానీ టైట్రేషన్ జరిగే కొద్ది నిమిషాల్లో, చల్లటి విలీన ఆమ్లంలో, ప్రతి మూడు పెరాక్సైడ్‌లకు ఒక ఆక్సిజన్ అణువును నీటి నుంచి లాగడం జరగదు. ఆక్సిజన్-18 ఐసోటోప్‌తో గుర్తుపెట్టిన పెరాక్సైడ్‌తో చేసిన ప్రయోగాల్లో కూడా, బయటికి వచ్చే ఆక్సిజన్ అణువులోని రెండు పరమాణువులూ పెరాక్సైడ్ నుంచే వస్తాయని తేలింది.

కాబట్టి ఈ చర్యకు ఒక సులువైన పరీక్ష ఉంది. ఎడమవైపు పెరాక్సైడ్ గుణకం, కుడివైపు ఆక్సిజన్ వాయువు గుణకం సమానంగా ఉండాలి. మూడుకు నాలుగు ఉంటే తప్పు. సరైనది ఇది:

2 పొటాషియం పర్మాంగనేట్ + 5 హైడ్రోజన్ పెరాక్సైడ్ + 3 సల్ఫ్యూరిక్ ఆమ్లం → 2 మాంగనీస్ సల్ఫేట్ + 1 పొటాషియం సల్ఫేట్ + 5 ఆక్సిజన్ + 8 నీరు

తుల్యం చేసిన రూపాలు ఇన్ని ఎందుకున్నాయి

దీని మీద పిల్లలతో చాలాసేపు కూర్చున్నాను. ఈ కేసులో అసలు నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉందని నా నమ్మకం. పెరాక్సైడ్ తనంతట తానే విడిపోయే చర్య ఒకటుంది: 2 పెరాక్సైడ్ → 2 నీరు + 1 ఆక్సిజన్. దాన్ని సరైన సమీకరణం నుంచి ఒకసారి తీసేయండి. పెరాక్సైడ్ 5 కాస్తా 3 అవుతుంది, నీరు 6, ఆక్సిజన్ 4. మెటీరియల్‌లో ఉన్నది అదే. ఇంకోసారి తీసేస్తే పెరాక్సైడ్ 1, నీరు 4, ఆక్సిజన్ 3. ఒకసారి కలిపితే పెరాక్సైడ్ 7, నీరు 10, ఆక్సిజన్ 6. అన్నిట్లోనూ పరమాణువులు సరిపోతాయి. ఇలా ఎన్నైనా రాయొచ్చు. తుల్యమైన ఒక సమీకరణానికి తుల్యమైన ఇంకో సమీకరణాన్ని కలిపినా, తీసేసినా తుల్యం చెడదు మరి.

ఇలాంటి చోటును ముందే పసిగట్టడానికి ఒక లెక్క ఉంది. సమీకరణంలో పదార్థాలెన్ని, మూలకాలెన్ని అని చూడాలి. ఇక్కడ పదార్థాలు ఏడు, మూలకాలు ఐదు: పొటాషియం, మాంగనీసు, ఆక్సిజన్, హైడ్రోజన్, సల్ఫర్. తేడా రెండు. తేడా ఒకటే ఉంటే, గుణకాల నిష్పత్తి ఒక్కటే వస్తుంది, పరమాణువుల లెక్క చాలు. రెండు, ఆపైన ఉంటే అందులో ఒకటికి మించి చర్యలు కలిసి దాక్కుని ఉన్నాయని అర్థం, అప్పుడు ఎలక్ట్రాన్ల పద్దు తీయాల్సిందే. ఒక జాగ్రత్త: సమీకరణమంతటా రెండు మూలకాలు మారని నిష్పత్తిలో జంటగానే కనిపిస్తే వాటిని ఒక్కటిగా లెక్కపెట్టాలి.

అదే మెటీరియల్‌లోని ఆక్సాలిక్ ఆమ్లం సమీకరణం మీద పిల్లలకు అనుమానం వచ్చింది. 2 పర్మాంగనేట్, 5 ఆక్సాలిక్ ఆమ్లం, 3 సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసి 10 కార్బన్ డయాక్సైడ్, 8 నీరు ఇస్తాయి. పదార్థాలు అక్కడ కూడా ఏడే. కానీ కార్బన్ చేరింది కాబట్టి మూలకాలు ఆరు. తేడా ఒకటి. ఐదు బదులు మూడు ఆక్సాలిక్ ఆమ్లాలు పెట్టి చూడమన్నాను. కార్బన్ డయాక్సైడ్ ఆరు, నీరు ఆరు వచ్చాక ఆక్సిజన్ ఎడమన 32, కుడిన 30. ఎటు తిప్పినా సరిపోలేదు. అందుకే వాళ్ల ప్రామాణీకరణలో ఏ ఇబ్బందీ రాలేదు, పెరాక్సైడ్ దగ్గరే దెబ్బ తగిలింది. ఒకే బ్యూరెట్, ఒకే ద్రావణం, ఒకే చేతులు.

పర్మాంగనేట్ లేకుండా నిర్ధారణ

సమీకరణం మార్చగానే జవాబు సీసా లేబుల్‌కు దగ్గరగా రావడం నిర్ధారణ కాదు. లేబుల్‌కు సరిపోయేలా లెక్కను సర్దారని ఎవరైనా అనొచ్చు, అలా అనడానికి వాళ్లకు హక్కుంది. అందుకని పర్మాంగనేట్ సమీకరణంతో సంబంధం లేని ఇంకో దారిలో కొలవమన్నాను. సీలు తీయని సీసాలోంచి 5 మి.లీ. తీసి, చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్ ఉత్ప్రేరకంగా వేసి, వచ్చిన ఆక్సిజన్‌ను నీటిపైన కొలజాడీలో పట్టారు. బుసబుసమంటూ వచ్చి ఆగిపోయాక, గది ఉష్ణోగ్రతకు చల్లారేదాకా ఆగి చూస్తే 111 మి.లీ. ఉదయం వేళ, గది 30 డిగ్రీలు. నీటి ఆవిరి వాటా తీసేసి సున్నా డిగ్రీలకు సరిచేస్తే సుమారు 95 మి.లీ. అంటే 1 మి.లీ. ద్రావణానికి 19 మి.లీ. ఆక్సిజన్, 19 వాల్యూమ్ బలం.

పాత లెక్క ప్రకారం ఆ సీసా 3.52 శాతమే అయితే బలం 11.6 వాల్యూమ్ ఉండాలి, జాడీలో 70 మి.లీ. కూడా నిండకూడదు. జాడీ వంద దాటుతుండగానే పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

ఇప్పుడు టైట్రేషన్ లెక్క మళ్లీ కట్టాం. 27.6 మి.లీ.లో పర్మాంగనేట్ 0.000552 మోల్. సరైన సమీకరణంలో 2 పర్మాంగనేట్‌కు 5 పెరాక్సైడ్ కాబట్టి పెరాక్సైడ్ దానికి రెండున్నర రెట్లు, 0.00138 మోల్. అది 20 మి.లీ.లో ఉంది కాబట్టి 0.069 మోలార్. పలచన 25 రెట్లు, కాబట్టి అసలు ద్రావణం 1.725 మోలార్, లీటరుకు 58.65 గ్రాములు, 5.87 శాతం. వాల్యూమ్ బలం 1.725ను 11.2తో గుణిస్తే 19.3. వాయువు కొలతలో వచ్చింది 19. వేర్వేరు దారుల్లో వచ్చిన ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉన్నాకే నేను రిపోర్టు దిద్దడానికి ఒప్పుకున్నాను.

బీరువా సీసా 5.76 శాతం, కిటికీ సీసా 4.76 శాతం అయ్యాయి. అంటే వాళ్ల ప్రాజెక్టు ప్రశ్నకు జవాబు పోలేదు. ఎండలో, మూత వదులుగా పెట్టిన సీసా నిజంగానే బలం కోల్పోయింది. సీలు తీయనిదీ, నీడలో ఉంచినదీ దాదాపు నిలబడ్డాయి. షాపుల గురించి రాసిన వాక్యం కొట్టేశారు. దాని చోట ఇంట్లో సీసాను ఎలా దాచుకోవాలో రాశారు. చదివేవాళ్లకు ఇదే ఎక్కువ పనికొస్తుంది.

ఒక చిన్న అనుమానం మిగిలింది, దాన్ని రిపోర్టులోనే రాయించాను. మార్కెట్‌లో దొరికే పెరాక్సైడ్‌లో నిలకడ కోసం ఎసిటానిలైడ్ లాంటి ఆర్గానిక్ పదార్థాలు కలిపే అవకాశం ఉంది. అవి ఉంటే పర్మాంగనేట్‌ను కొంచెం అవి కూడా వాడుకుంటాయి, రీడింగు కాస్త పెరుగుతుంది. టైట్రేషన్ 19.3 చూపించి, వాయువు 19 దగ్గర ఆగడానికి అదీ ఒక కారణం కావచ్చు, లేదా గొట్టంలో కొంచెం ఆక్సిజన్ జారిపోయి ఉండొచ్చు. పొటాషియం అయొడైడ్, థయోసల్ఫేట్ పద్ధతిలో చేస్తే ఈ బెడద తక్కువ. వచ్చే బ్యాచ్‌కు ఆ పని అప్పగించాం.

మెటీరియల్‌లో మిగతావి

ఆ తర్వాత మెటీరియల్ మొత్తం తెప్పించుకుని అదే వరుసలో చూశాను. ముందు ఫార్ములాలు సరైనవేనా అని. డీటీపీలో కింద ఉండాల్సిన అంకె పక్కకు వచ్చి గుణకంలా కనిపించడం, బ్రాకెట్ ఎగిరిపోవడం చాలా చోట్ల ఉంది. కాల్షియం ఫాస్ఫేట్‌లో బ్రాకెట్ పోతే లెక్క ఎప్పటికీ కుదరదు. ఇవి ఎవరైనా పట్టగలిగే తప్పులు, వీటి గురించి ఎక్కువ రాయను. తర్వాత పరమాణువులు, తర్వాత ఆవేశం. ఆపైన పదార్థాలు, మూలకాల మధ్య తేడా ఒకటికి మించిన వాటిని విడిగా పెట్టుకుని ఎలక్ట్రాన్ల పద్దు తీశాను.

అలా విడిగా వచ్చిన వాటిలో ఒకటి పొటాషియం క్లోరేట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చర్య. 2 పొటాషియం క్లోరేట్, 4 హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసి 2 పొటాషియం క్లోరైడ్, 2 నీరు, 1 క్లోరిన్, 2 క్లోరిన్ డయాక్సైడ్ ఇస్తాయని ఉంది. పదార్థాలు ఆరు, మూలకాలు నాలుగు. పరమాణువులు సరిపోయాయి. క్లోరిన్ వాయువు మొత్తం హైడ్రోక్లోరిక్ ఆమ్లం నుంచే వచ్చిందనుకుంటే ఎలక్ట్రాన్ల పద్దూ సరిపోతుంది. కానీ ఇక్కడ పెరాక్సైడ్ కేసులో ఉన్న సౌకర్యం లేదు. క్లోరేట్ నుంచి క్లోరిన్ డయాక్సైడ్ దగ్గర ఆగకుండా నేరుగా క్లోరైడ్, క్లోరిన్ ఇచ్చే ఇంకో చర్య (1 క్లోరేట్, 6 హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 3 క్లోరిన్) పక్కనే నిజంగా జరుగుతుంది. ఏది ఎంత జరుగుతుందనేది ఆమ్లం గాఢత, ఉష్ణోగ్రతలను బట్టి మారుతుంది. అలాంటప్పుడు ఆ ఒక్క సమీకరణం పట్టుకుని ఎంత క్లోరిన్ వస్తుందో లెక్క కట్టమని ప్రశ్న ఇవ్వడం న్యాయం కాదు. ఆ సమీకరణం పక్కన "రెండు చర్యలు కలిసి జరుగుతాయి, మోల్ లెక్కలకు వాడవద్దు" అని రాసి, దాని కింద ఉన్న లెక్కను తీసేయించాను.

పెరాక్సైడ్ సమీకరణం కింద ఇప్పుడు ఒక అదనపు వరుస అచ్చయింది: మాంగనీసు తీసుకున్నవి పది, పెరాక్సైడ్ ఇచ్చినవి పది, పెరాక్సైడ్ ఐదు, ఆక్సిజన్ ఐదు. ప్రాక్టికల్ రికార్డులో కూడా ఈ వరుస రాయకుండా ఆ ప్రయోగానికి సంతకం పెట్టకూడదని మా డిపార్ట్‌మెంట్‌లో అందరం అనుకున్నాం.